ఖాళీ కాగితముపై వేలిముద్ర

హైదరాబాదు నగరము పెరిగినకొలది చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతముల భూముల ధరలును పెరిగినవి. భూమి అమ్మిన సొమ్ములో కొంత బిట్‌కాయిను వంటి నాణెములలోనికి మళ్ళించినవా రెవరైన నుందురేని, ఈ నాలుగు మాటలు వారి కొఱకే. ఆ వ్యాపారమును మేము సిఫారసు చేయము. 2022 నుండి దాని లాభముపై నూటికి 30 వంతున పన్ను గొనుచున్న ప్రభుత్వమైనను దానిని చట్టబద్ధ ద్రవ్యముగా నంగీకరింపలేదు.

2024 జూలైలో వజీర్‌ఎక్స్ అను మన దేశపు మారకపు సంస్థనుండి సుమారు 23 కోట్ల డాలర్ల సొత్తు దొంగల పాలయ్యెను. పరుల కొట్టులో నుంచుటకంటె హార్డువేరు వాలెట్టు కొని యింటనే దాచుకొందమని తోచుట సహజము. అయితే ఆ చిన్న పరికరములో నాణెము లుండవు. వానిని కదల్చు రహస్య సంఖ్య మాత్రమే యుండును. కంప్యూటరునకు తగిలించినను ఆ సంఖ్య వెలుపలికి రాదు. సంతకము మాత్రమే వచ్చును.

ప్రమాద మంతయు ఆ సంతకములోనే యున్నది. 2025 ఫిబ్రవరిలో బైబిట్ సంస్థవారు హార్డువేరు పరికరముతోనే సంతకము చేసిరి. కంప్యూటరు తెరపై కనబడిన దొకటి, సంతకమైనది మఱియొకటి. సుమారు 150 కోట్ల డాలర్లు పోయెను. నిజాము కాలమున మన తాతలు చదువలేని దస్తావేజుపై, పక్కవాడు చదివి వినిపించినదే నమ్మి వేలిముద్ర వేసిరి గదా! ఇదియు నట్టిదే. కావున సొమ్ము చేరవలసిన చిరునామాను పరికరముయొక్క చిన్న తెరపై మొదటి యక్షరమునుండి కడవఱకు చదువవలెను. అచ్చట అర్థముకాని దేదైన కనబడెనా, మీట నొక్కక తీగ నూడదీయవలెను.

పరికరమును తయారీదారునివద్దనే కొనవలెను. ఒకరు వాడిన దానిని ముట్టరాదు. దానితో పనిచేయు సాఫ్టువేరును, వెదకునప్పుడు పైన కనబడు ప్రకటననుండి గాక, తయారీదారుని చిరునామాను స్వయముగా టైపుచేసి తెచ్చుకొనవలెను. తగిలించుటకు సొంత కంప్యూటరే కావలెను గాని ఊరి ఇంటర్నెట్టు కేంద్రములోనిది పనికిరాదు.

మొదట పరికరము 12 గాని 24 గాని యాంగ్ల పదములు చూపును. పెట్టెలోనే పదములు ముద్రించిన చీటీ వచ్చినచో అది మోసము. ఆ పదములను కాగితముపై వ్రాయవలెను. కంప్యూటరులో టైపు చేయరాదు, ఫోనుతో ఫొటో తీయరాదు. వాని నడుగువాడు, ఎంత మర్యాదగా మాటలాడినను, దొంగయే. 2020లో లెడ్జర్ అను ఫ్రెంచి సంస్థ ఖాతాదారుల పేర్లు, ఇంటి చిరునామాలు లక్షల కొలది బయటపడినవి. మరుసటి యేడు కొందరి యిండ్లకు నకిలీ పరికరములే టపాలో వచ్చినవి.

పెద్ద మొత్తము పంపుటకు ముందు స్వల్పముగా పంపి, పరికరమును చెరిపి, కాగితముపై పదములతో మరల తెరచి చూడవలెను. సొమ్ము కనబడిన తరువాతనే తక్కినది. పిదప ఆ కాగిత మెచ్చట నున్నదో భార్యకో కుమారునికో చెప్పియుంచవలెను. భూమి పత్రము పోయిన రిజిస్ట్రేషను కచేరీలో నకలు దొరకును. ఈ పదములకు నకలిచ్చు కచేరి యెచ్చటను లేదు.