బోనెక్కిన పంతులుగారు

నా చిరకాల మిత్రుడొకడు రెడ్డిగూడెము ప్రాంతమున ప్రధానోపాధ్యాయుడుగా నున్నాడు. ముప్పది యేండ్లుగా పిల్లలను ప్రశ్నలడుగుటయే ఆయన వృత్తి. అట్టివానికి మామిడికోతలు మొదలైన దినములలో నొకనాడు న్యాయస్థానమునుండి సమను వచ్చినది. ఒక భూమి పంపకపు దావాలో, దస్తావేజుపై సంతకము చేసిననాటికి ఒకడు మైనరా కాడా యను వివాదము తలయెత్తెను. వాడు చిన్ననాడు చేరిన పాఠశాల ప్రవేశపు రిజిస్టరును తెచ్చి, అందలి పుట్టినతేదీని గూర్చి సాక్ష్యమీయవలసినదని ఆ కాగితపు సారాంశము. ఉపాధ్యాయులకు ఇది వినని సంగతి కాదు. ఏదో యొకనాడు ఆ రిజిస్టరును చంకబెట్టుకొని కోర్టు మెట్లెక్కవలసిన యోగము ఎవరికైనను పట్టవచ్చును.

“తోడుగా రావయ్యా, తెలుగు పంతులువి. నాకు మాట తడబడితే అందిద్దువుగాని” అన్నాడు మిత్రుడు. పరీక్షహాలులోవలెనే అచ్చట కూడ అందించుట నేరమని చెప్పి, బయలుదేరితిని.

న్యాయస్థానపు వసారాలో మాకంటె ముందే జనము చేరియున్నారు. మా ముందున్న ముసలి రైతు గుమ్మము కడకు రాగానే తలగుడ్డ తీసి చంకలో పెట్టుకొనెను. చెప్పులు వెలుపల విడిచెను. చెప్పులు విడువుమని ఏ చట్టమును చెప్పలేదు. భయమే చట్టమై ఆయనచేత విడిపించినది. నిజముగా పాటింపవలసిన మర్యాదలు అంత భయంకరమైనవి కావు. న్యాయమూర్తి వచ్చునపుడు లేచి నిలుచుట, ఒకరు మాటలాడుచుండగా మరియొకరు అడ్డుపడకుండుట, చరవాణి మ్రోగకుండ చూచుకొనుట, అనుమతి లేక ఛాయాచిత్రములు తీయకుండుట, చెప్పదలచినది పీఠమునకు చెప్పుట — ఇంతే. సాక్ష్యమీయవలసినవారు తమ వంతు వచ్చువరకు వెలుపల నుందురు; ముందటివాని మాట విని తన మాట మార్చుకొనకుండుటకై ఈ యేర్పాటు. ప్రమాణము దైవసాక్షిగా చేయవచ్చును. అది యిష్టము లేనివారు ఆత్మసాక్షిగా చేయవచ్చునని 1969 నాటి ప్రమాణముల చట్టము అనుమతించినది. ఇక సంబోధనము మాట. తెల్లదొరల నాటి ‘మై లార్డ్’ను విడిచిపెట్టవచ్చునని 2006లో అఖిల భారత న్యాయవాదుల మండలి నియమము చేసినది. క్రింది కోర్టులలో ‘సర్’ అనినను, ఆ ప్రాంతపు భాషలో తత్సమానమైన మాట వాడినను చాలును. మన ‘అయ్యా’ అను రెండక్షరముల మాటకు లోటేమున్నది?

బిళ్ళబంట్రోతు ముమ్మారు పేరు పెట్టి కేకవేసెను. మిత్రుడు బోనెక్కెను. రిజిస్టరు తెరచి తేదీ చదివినంతవరకు అంతయు సవ్యముగనే జరిగినది. అంతట ఎదుటిపక్షపు ప్లీడరు లేచెను, కుర్రవాడు, చురుకైనవాడు. “ఈ తేదీ డబ్బు తీసుకొని మీరే దిద్దారు. అవునా, కాదా?” అని గద్దించెను. ఆ పుట వ్రాయబడిననాటికి నా మిత్రుడా బడికి రానేలేదు. ఆయన ముఖము కందగడ్డవలె అయినది. చూపుడువ్రేలు పైకి లేచినది. “కూర్చోరా! ముందు ప్రశ్న అడగటం నేర్చుకో!” అన్నాడు.

గదిలో నవ్వులు. న్యాయమూర్తి కలము ఆగినది; నవ్వులును ఆగినవి. “మాస్టారూ, ఇది మీ తరగతిగది కాదు. మీరేమైనా చెప్పుకొనేది ఉన్నదా?” అని నెమ్మదిగా నడిగెను. మిత్రుడు చేతులు జోడించెను. “తప్పయిందయ్యా. అలవాటైన నోరు, జారింది.” న్యాయమూర్తి తల యూచి, ప్లీడరు వంక తిరిగి, “దిద్దారనటానికి మీ దగ్గర ఆధారమేమిటి?” అని ప్రశ్నించెను. ఆధారము లేదు. ప్రశ్న ఉపసంహరింపబడినది.

ఆ పూట నా మిత్రునకు ఎంత శిక్ష పడగలిగియుండెనో యని ఇంటికి వచ్చిన పిమ్మట పుస్తకములు తిరుగవేసితిని. విచారణ జరుపుచున్న అధికారిని బుద్ధిపూర్వకముగా అవమానించుట, ఆ విచారణకు అంతరాయము కలిగించుట 1860 నాటి శిక్షాస్మృతిలోనే నేరము. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో అది 267వ సెక్షను. ఆరు నెలల వరకు సాధారణ కారాగారవాసము గాని, 5000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. కోర్టు కన్నుల యెదుటనే ఈ నేరము జరిగినచో, ఆ దినము కోర్టు లేచులోపల అక్కడికక్కడే విచారించి 1000 రూపాయల వరకు జరిమానా వేయు అధికారము కూడ కలదు. అడిగినదానికి తగిన కారణము లేక ఉత్తరమీయని సాక్షిని ఏడు దినముల వరకు నిర్బంధింపవచ్చును. ఇవిగాక 1971 నాటి కోర్టు ధిక్కార చట్టము వేరే యున్నది.

అయితే నన్ను ఆకర్షించినది శిక్షల మొత్తము కాదు. అక్కడికక్కడే శిక్షింపదలచిన న్యాయస్థానము మొదట ఆ మనిషికి సమాధానము చెప్పుకొను అవకాశమీయవలెను. వ్యవహారము ఏ దశలో నుండగా అంతరాయము కలిగెనో, ఆ అంతరాయము లేక అవమానము ఎట్టిదో, అతడేమి చెప్పుకొనెనో వ్రాసి యుంచవలెను. అనగా కోపము వచ్చిన న్యాయమూర్తి తన కోపమునకు కారణమును కాగితముపై పెట్టవలెను. దానిపై అప్పీలునకు పోవచ్చును. క్షమాపణ చెప్పినవానిని విడిచిపెట్టు వీలును చట్టమే కల్పించినది. మనము తరగతిలో పిల్లవానిని బెంచి ఎక్కించుటకు ముందు ఇంత పని చేయుచున్నామా? ఈ ప్రశ్న నాకు నేనే వేసికొని, వెంటనే పుట త్రిప్పితిని.

ఆ ప్లీడరును అడ్డుకొన్నది కూడ న్యాయమూర్తి దయ కాదు, చట్టమే. ఆధారము లేని నింద ప్రశ్నరూపమున వేయరాదనియు, సాక్షిని అవమానించుటకో వేధించుటకో ఉద్దేశింపబడిన ప్రశ్నను కోర్టు నిషేధింపవలెననియు సాక్ష్యచట్టము శాసించుచున్నది. మర్యాద బోనులోనివానికి మాత్రమే కాదు, నల్లకోటువానికిని కలదు.

ఈ రెండవ సగమును మనవారు మరచుట క్రొత్త కాదు. నన్నయ సభాపర్వమును పాఠము చెప్పునపుడెల్ల నాకు వికర్ణుని ఘట్టము కడ గొంతు కొంచెము మారును. ద్రౌపది అడిగిన ధర్మసందేహమునకు వృద్ధులు ఉత్తరమీయక మిన్నకుండిరి. వికర్ణుడొక్కడు లేచి మాటలాడెను. వెంటనే కర్ణుడు అతనిని పెద్దల సభలో మాటలాడు బాలుడవని గద్దించెను. అక్కడ సభామర్యాద యను మాట నిజము నోరు మూయుటకు పనికివచ్చినది. మర్యాద గల సభయే అది; నిశ్శబ్దమునకు కొదువ లేదు.

భయము సాక్షిని ఏమి చేయునో చూడుడు. అబద్ధమాడువాడు ఒకచోట నిలువడనియు, పెదవుల మూలలు నాకుకొనుననియు, నుదుట చెమర్చుననియు, ముఖము రంగు మారుననియు యాజ్ఞవల్క్యస్మృతి గుర్తులు చెప్పినది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను పదమూడవ శతాబ్దిలోనే కేతన తెనుగు చేసెను. ఆ గుర్తులు పట్టి చూచినచో ఆనాడు బోనులోనున్న నా మిత్రుడు పచ్చి అబద్ధీకుడు! నాలుగు గుర్తులును ఆయనయందు కనుపించినవి. నిజము చెప్పువానికిని చెమట పట్టును. కావుననే గదిలో ఇతరులు నోరు మూసికొని, సాక్షిని బెదిరింపక, అతని మాట పూర్తియగువరకు వేచియుండవలెననుట.

ఎప్పుడు తలవంచవలెనో, ఎప్పుడు వంచరాదో తెలిసినవాడు గాంధీజీ. 1893లో డర్బను కోర్టులో మేజిస్ట్రేటు తలపాగా తీయుమనగా తీయక వెలుపలికి వచ్చెను. మరుసటి యేడు నేటాలు ఉన్నత న్యాయస్థానములో న్యాయవాదిగా చేరినపుడు ప్రధాన న్యాయమూర్తి కోరగా, ఆ కోర్టు సంప్రదాయమని అదే తలపాగాను తీసెను. అహమదాబాదు జిల్లా జడ్జి లేఖను తన పత్రికలో ప్రకటించినందుకు 1920లో బొంబాయి హైకోర్టు విచారించినపుడు మాత్రము క్షమాపణ చెప్పలేదు. శిక్షకు సిద్ధముగా నిలిచెను. తీవ్రమైన మందలింపుతో కోర్టు విడిచిపెట్టెను. మనసులో లేని క్షమాపణ కోర్టునే మోసగించుటయని ఆయన నడవడినుండి నేను గ్రహించినది.

పెద్దవారును ఈ నియమములకు వెలుపల లేరు. పాఠశాలల ఆవరణములలో గ్రామ సచివాలయములు మొదలైన కార్యాలయములు కట్టరాదన్న ఉత్తర్వును పాటింపలేదని, 2022 మార్చి 31న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఎనమండుగురు ఐ.ఏ.ఎస్. అధికారులకు రెండు వారముల జైలుశిక్ష విధించెను. వారు బేషరతుగా క్షమాపణ చెప్పగా, దానికి మారుగా ఏడాదిపాటు నెలకొక ఆదివారము సంక్షేమ వసతిగృహములకు పోయి సేవ చేయవలెననియు, ఒకనాటి భోజనపు ఖర్చు భరింపవలెననియు ఆదేశించెను. బడిస్థలము కొరకు వచ్చిన వ్యాజ్యములో శిక్ష సయితము పిల్లల భోజనపు పంక్తికి చేరుట నాకు ముచ్చట గొలిపినది. 2025 అక్టోబరు 6న సుప్రీంకోర్టులో ఒక న్యాయవాది ప్రధాన న్యాయమూర్తి వైపు బూటు విసరబోయినపుడు, పీఠముపైనున్న గవాయిగారు చలింపక, వాదములు కొనసాగింపుడని పలికిరట. ఆ దినము ఆ గదిలో మర్యాద నిలిచినది ఏ శిక్ష వలనను కాదు.

మరల మా ఊరి సంగతి. నకలు సరిచూచుకొని అసలు రిజిస్టరును కోర్టువారు తిరిగి ఇచ్చిరి. మిత్రుడు దానిని తువ్వాలులో చుట్టి చంకబెట్టుకొనెను. వసారాలో ఆ కుర్ర ప్లీడరు ఎదురుపడెను. ఇద్దరును ఒక క్షణము తటపటాయించిరి. “మాస్టారూ, బస్టాండు దాకా దింపమంటారా?” అని ప్లీడరే అడిగెను. మిత్రుడు బండి వెనుక నెక్కి, రిజిస్టరును ఒళ్లో పెట్టుకొని, నాకు చేయి యూపి వెళ్లిపోయెను. నేను ఎండలో నడచి వచ్చుసరికి వారిద్దరును సోడాబండి కడ నిలిచి మాటలాడుకొనుచున్నారు. ఎవరు ఎవరిని ప్రశ్నలడుగుచున్నారో దూరమునుండి తెలియలేదు.