యుద్ధ చరిత్రకు ఊరి సాక్ష్యం

2013 ఏప్రిల్‌లో లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియం ఒక చర్చ పెట్టి ఓట్లు వేయించింది. బ్రిటన్ చేసిన యుద్ధాలన్నిటిలో గొప్పది ఏదన్నది ప్రశ్న. నెపోలియన్‌ను ఓడించిన వాటర్లూ, హిట్లర్ పతనానికి బాట వేసిన నార్మండీ రెండూ పోటీలో ఉన్నాయి. వాటిని వెనక్కి నెట్టి మొదటి స్థానంలో నిలిచింది ఇంఫాల్-కోహిమా. 1944లో మణిపూర్, నాగా కొండల్లో జరిగిన ఆ పోరులో జపాన్‌ను నిలువరించిన సైన్యంలో ఎక్కువమంది భారతీయులే.

అయినా మనలో చాలామందికి ఆ యుద్ధం పేరు మాత్రమే తెలుసు. కారణం ఊహించడం కష్టం కాదు. అది వలస పాలకుల జెండా కింద జరిగిన పోరు. అవతలి పక్షాన జపాన్‌తో పాటు ఆజాద్ హింద్ ఫౌజ్ ఉంది. 1944 ఏప్రిల్ 14న ఇంఫాల్‌కు దక్షిణాన మొయిరాంగ్‌లో కల్నల్ షౌకత్ అలీ మాలిక్ ఎగరేసిన త్రివర్ణ పతాకం కూడా మన చరిత్రే. అంతకు ఎనిమిది రోజుల ముందు ఇంఫాల్‌కు ఉత్తరాన ఒక కొండ మీద జపాన్ మెషిన్ గన్‌లకు ఎదురేగి ప్రాణం విడిచి, విక్టోరియా క్రాస్ పొందిన 9వ జాట్ పటాలం జమేదార్ అబ్దుల్ హఫీజ్ కూడా మనవాడే. ఎవరి గెలుపును మన గెలుపు అనుకోవాలో తేల్చుకోలేక, స్వతంత్ర భారతం ఈ యుద్ధాన్ని పక్కన పెట్టేసింది.

దాన్ని వదిలిపెట్టనివారు స్థానికులు. మణిపూర్‌లో దాని పేరు ‘జపాన్ లాన్’, అంటే జపాన్ యుద్ధం. పదవీ విరమణ తర్వాత, 2023 అల్లర్లకు ముందు, అక్కడి ఔత్సాహికులతో, ఊరి పెద్దలతో, పరిశోధకులతో కూర్చుని మాట్లాడే అవకాశం నాకు కలిగింది. ఆ సంభాషణల్లో తెలిసింది సైనిక గ్రంథాల్లో ఉన్నదానికి అదనమే కాదు, కొన్నిచోట్ల దాన్ని సరిదిద్దేది కూడా.

ముందు యుద్ధం గురించి క్లుప్తంగా. జపాన్ 15వ సైన్యాధిపతి లెఫ్టినెంట్ జనరల్ ముతగుచి 1944 మార్చిలో సుమారు 85,000 మందితో, మూడు వారాల తిండితో, వెంట తోలుకొచ్చిన పశువులతో చిండ్విన్ నది దాటాడు. ఇంఫాల్‌లోని బ్రిటిష్ నిల్వలు చేజిక్కుతాయన్నది ఆయన లెక్క. జనరల్ స్లిమ్ నాయకత్వంలోని 14వ సైన్యం ఆ లెక్క తప్పించింది. అరకాన్‌లో పోరాడుతున్న 5వ భారతీయ డివిజన్‌ను కంచర గాడిదలతో, ఫిరంగులతో సహా విమానాల్లో తరలించారు. దారి మూసుకుపోయిన ఇంఫాల్‌కు దాదాపు 19,000 టన్నుల సరుకు, 12,000 మంది సైనికులు ఆకాశ మార్గాన చేరారు. జూన్ 22న కోహిమా-ఇంఫాల్ రోడ్డు 109వ మైలురాయి దగ్గర తెరుచుకుంది. జపాన్ సైన్యానికి సుమారు 55,000 మంది నష్టం. అందులో 30,000 మంది చనిపోయారు, వారిలో చాలామందిని చంపింది ఆకలి, జబ్బులు. మన వైపు నష్టం దాదాపు 16,500.

మ్యాపులో లేని సంగతులు

ఇంఫాల్‌కు ఈశాన్యాన తాంగ్‌ఖుల్ నాగాల ఊరు సంగ్‌షాక్. 1944 మార్చి 22 నుంచి 26 దాకా 50వ భారతీయ పారాచ్యూట్ బ్రిగేడ్ అక్కడ కోహిమా వైపు నడిచే జపాన్ దళాలను అడ్డుకుంది. ముళ్లకంచె లేదు, నీళ్లు చాలలేదు. విమానాల నుంచి జారవిడిచిన సామగ్రిలో ఎక్కువ భాగం శత్రువు చేతిలో పడింది. చివరికి బ్రిగేడ్ ఆ స్థానం వదలాల్సి వచ్చింది. పోరాటానికి తొలుత దక్కింది ప్రశంస కాదు, అనుమానం. అక్కడ ఆగిన ఆ కొద్ది రోజులే ఇంఫాల్, కోహిమాలు సర్దుకోవడానికి వ్యవధి ఇచ్చాయని తర్వాతి పరిశోధన తేల్చింది. చనిపోయిన ఒక జపాన్ అధికారి దగ్గర దొరికిన మ్యాపు శత్రువు పథకాన్ని బయటపెట్టింది కూడా ఇక్కడే.

సైనిక అకాడమీలో ఇసుక నమూనా మీద ఈ పోరును నేర్చుకున్నవారు అడిగే ప్రశ్న ఒకటుంది. ఆ సేన కందకాలు లోతుగా ఎందుకు తవ్వలేదు? ఆ ఊరి పెద్దాయన ఒకరు జవాబు మాటల్లో చెప్పలేదు. చర్చి ఉన్న గుట్ట మీదికి తీసుకెళ్లి, చేతికర్రతో నేల పొడిచి చూపించారు. మూడడుగుల కింద రాయి. నీటి కోసం వాలు దిగి వెళ్లాలి, ఆ వాలు మీద శత్రువు. కాంటూరు గీతలు ఎత్తు చెబుతాయి, నేల గుణం చెప్పవు. ఆకాశం నుంచి పడిన పారాచ్యూట్ గుడ్డతో తన తల్లి చొక్కాలు కుట్టిన సంగతి కూడా ఆయనే చెప్పారు. ఏ యుద్ధ దినచర్యలోనూ దొరకని వివరం అది. సామగ్రి ఎక్కడ పడిందో, ఎవరికి అందిందో చెప్పే ఆధారం కూడా.

పేర్ల సంగతి ఇంకొకటి. ఇంఫాల్‌కు దక్షిణాన తిద్దిం రోడ్డు పక్కన చిన్న గుట్ట ఉంది. బ్రిటిష్ మ్యాపులో అది ‘పాయింట్ 2926’, సైనికుల నోట ‘రెడ్ హిల్’, ఊరివారికి మైబాం లోక్‌పాచింగ్. కోహిమాలోని గుట్టలకు సైనికులు జైల్ హిల్ అనీ, సరుకుల గోదాములను బట్టి డీఐఎస్ హిల్, ఎఫ్ఎస్‌డీ హిల్ అనీ పేర్లు పెట్టారు. ఈ పేర్లన్నీ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకోకపోతే పరిశోధకుడు ఒక కొండ గురించి, ముసలాయన మరో కొండ గురించి మాట్లాడుతూ ఉంటారు. ఇంఫాల్ యువకులు కొందరు ఏళ్ల తరబడి చేస్తున్న పని ఇదే. ఊరూరా తిరిగి పాత మ్యాపుల్లోని ప్రతి పాయింటుకూ స్థానిక నామం కనుక్కోవడం.

తూటా కంటే అది దొరికిన చోటు ముఖ్యం

అభిమానుల ఇళ్లలో తుప్పు పట్టిన హెల్మెట్లు, నీళ్ల సీసాలు, తూటా గొట్టాలు కనిపిస్తాయి. సేకరణ మంచిదే. కానీ నిపుణులు పదే పదే చెప్పేది ఒకటి: వస్తువు కంటే అది దొరికిన చోటు విలువైనది. తూటా గొట్టం అడుగున అచ్చులు ఉంటాయి. ‘కేఎఫ్’ అని ఉంటే పుణె దగ్గరి కిర్కీ కర్మాగారంలో తయారైందని అర్థం. అలాంటివి ఒక వరుసలో దొరికితే అక్కడ మన కందకం ఉందని, ఎటు కాల్చారని ఊహించవచ్చు. అదే గొట్టాన్ని ఏరి సంచిలో వేసుకుని ఇంటికి తెస్తే మిగిలేది పాత ఇత్తడి ముక్క.

ప్రమాదం సంగతీ మరవకూడదు. మణిపూర్‌లో పునాదులు తవ్వేటప్పుడు, పొలం దున్నేటప్పుడు ఆనాటి పేలని బాంబులు ఇప్పటికీ బయటపడుతున్నాయి. పాత ఇనుము కింద అమ్ముకునే ఆశతో వాటిని కొట్టి విప్పడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. అలాంటిది కనిపిస్తే దూరంగా జరిగి పోలీసులకు చెప్పడం ఒక్కటే దారి.

సాధారణ ప్రజల బాధ గురించి సైనిక చరిత్రలు రెండు మూడు వాక్యాల్లో తేల్చేస్తాయి. లోయలో మాట మొదలయ్యేదే అక్కడ. 1942 మే 10న ఇంఫాల్ మీద పడిన బాంబులు, ఖాళీ అయిన బజారు, విమాన స్థావరాల కింద పోయిన వరి పొలాలు. ఆనాటి ఆరు స్థావరాల్లో తులిహాల్ నేటి ఇంఫాల్ విమానాశ్రయం. కొయిరెంగెయి పాత రన్‌వే ఇంకా ఉంది. కొండల్లోనేమో తిండి అయిపోయిన జపాన్ సైనికులు ఎత్తుకెళ్లిన ధాన్యం, పందులు, పశువులు. మరోవైపు తూటా పెట్టెలు కొండ పైకి మోసి, గాయపడినవారిని కిందికి దించిన నాగా కూలీలు. వారి సాయం లేకుండా కోహిమా నిలిచేది కాదు.

తమూ దారిలో తెలుగువారు

ఈ కథలో మన భాగం కూడా ఉంది. రంగూన్ ఓడరేవులో బరువులు మోసిన తెలుగువారిని, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద, బర్మాలో ‘కొరంగీలు’ అనేవారు. 1942లో జపాన్ సేనలు ముందుకు వస్తుంటే బర్మా నుంచి లక్షలాది భారతీయులు బయలుదేరారు. ఓడ దొరకనివారు నడిచారు. తమూ నుంచి పలేల్ మీదుగా ఇంఫాల్, అక్కడి నుంచి దిమాపూర్ చేరే దారి అందులో ఒకటి. కలరా, మలేరియా, ఆకలితో దారి పొడవునా జనం రాలిపోయారు. రెండేళ్ల తర్వాత యుద్ధం నడిచిందీ ఆ రోడ్డు మీదే. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడిన సంగతి మనవాళ్లకు గుర్తుంది. ఆ వేసవిలోనే మన కుటుంబాలు కొన్ని మణిపూర్ కొండలు ఎక్కి దిగిన సంగతి అంతగా గుర్తు లేదు. 1960ల్లో బర్మా నుంచి తిరిగొచ్చినవారి పేరు మీద విశాఖలో బర్మా క్యాంప్ అనే పేటే ఉంది. అలాంటి పేటల్లో తాతల కాలం నాటి మాట ఒకటో రెండో ఇంకా మిగిలే ఉంటాయి. అడిగేవారు కావాలి.

వినకపోతే ఏమవుతుంది?

ఇది కేవలం అభిరుచి కాదు, భద్రతకు సంబంధించిన విషయం. 1962 నవంబరు 18న లదాఖ్‌లోని రెజాంగ్ లా వద్ద మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో 13 కుమావ్ చార్లీ కంపెనీ ఆఖరిదాకా పోరాడింది. దాదాపు 120 మందిలో 110 మందికి పైగా నేలకొరిగారు. బతికి వచ్చిన కొద్దిమంది చెప్పిన మాట మొదట ఎవరూ నమ్మలేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఒక పశువుల కాపరి ఆ కొండకు వెళ్లాకే, ఆయుధాలు పట్టుకునే గడ్డకట్టిన వీరుల దేహాలు కనిపించి, లోకం నమ్మింది. 1999 మే మొదట్లో కార్గిల్ చొరబాటును చూసి సైన్యానికి చెప్పింది కూడా గొర్రెల కాపరే, తాషీ నంగ్యాల్. సరిహద్దులో స్థానికుడి మాటకు ఉన్న విలువ ఇంత.

ప్రభుత్వం కొంత కదిలింది. 2021 జూన్‌లో రక్షణ శాఖ యుద్ధ చరిత్రల విధానం ప్రకటించింది. యుద్ధం ముగిసిన రెండేళ్లలో సంఘం వేయాలి, ఆపై మూడేళ్లలో చరిత్ర పూర్తి కావాలి, దస్త్రాలను సాధారణంగా 25 ఏళ్లకు బహిర్గతం చేయాలి. 2025 జనవరిలో రణభూములను పర్యాటకులకు పరిచయం చేసే ‘భారత్ రణభూమి దర్శన్’ మొదలైంది. రెండూ మెచ్చదగినవే. కానీ మొదటిది ప్రధానంగా దస్త్రాలకు, రెండోది సందర్శకులకు సంబంధించినది. సాక్షుల మాటను నమోదు చేసే పని మధ్యలో జారిపోతోంది. 1944లో పదేళ్ల పిల్లలకు ఇప్పుడు 90 దాటింది. దస్త్రం పాతికేళ్లు ఆగగలదు, మనిషి ఆగలేడు.

అందుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. సరిహద్దు జిల్లాల కళాశాలల చరిత్ర విభాగాలు, సైన్యం, స్థానిక ఔత్సాహికులు కలిసి ఒక పద్ధతి ప్రకారం సాక్ష్యాలు నమోదు చేయాలి. స్థానిక భాషలోనే రికార్డు చేయాలి, అనువాదం తర్వాత. చెప్పేవారిని వీలైతే ఆ చోటికే తీసుకెళ్లి వినాలి. యూనిట్ దినచర్య, శత్రు పక్షం కథనం, ఊరి మాట మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. మూడూ కలిసే చోట నిజం గట్టిపడుతుంది. కలవని చోట వెతకాల్సింది ఇంకా ఉందని తెలుస్తుంది.

మణిపూర్‌కు ఇది మరింత అవసరం. 2023 మే నుంచి సాగిన జాతుల ఘర్షణ 200 మందికి పైగా ప్రాణాలు తీసింది. వేలాది మంది ఇళ్లు వదిలారు. లోయకూ కొండలకూ మధ్య రాకపోకలే కష్టమైన చోట యుద్ధక్షేత్రాలు తిరగడం, ఒక ఊరి మాటను మరో ఊరి మాటతో సరిచూడటం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. జపాన్ లాన్ జ్ఞాపకం మాత్రం మైతేయిలకు, నాగాలకు, కుకీలకు ముగ్గురికీ ఉంది. రెడ్ హిల్ దగ్గర 1994లో జపాన్ ప్రభుత్వం శాంతి స్మారకం కట్టింది. 2019 జూన్ 22న పక్కనే శాంతి మ్యూజియం తెరిచారు. ఒకరినొకరు చంపుకున్న సైన్యాల వారసులు ఆ గుట్ట కింద కలిసి నిలబడి తల వంచుతున్నారు. వారి యుద్ధానికి నేల ఇచ్చి నష్టపోయిన పొరుగువారు తమ తాతల మాటలను ఒకే పుస్తకంలో చేర్చుకోగలిగితే, అది చరిత్రకే కాదు, ఆ రాష్ట్రానికీ మేలు.