కొత్తింటికి ఏ నెట్ పెట్టించాలి?

పాలు పొంగించడానికి ముహూర్తం కుదిరింది. సామాను బండి మాట్లాడారు, గ్యాస్ బదిలీకి చెప్పారు. ఇంటర్నెట్ సంగతి మాత్రం దిగాక చూసుకుందాంలే అనుకున్నారు. ఇల్లు మారే కుటుంబాలు చాలావరకు ఇలాగే చేస్తాయి. దిగాక తీరా కనుక్కుంటే, కావాలనుకున్న కంపెనీ తీగ ఆ వీధి మొదట్లోనే ఆగిపోయి ఉంటుంది. అందుకని ఈ ప్రశ్నలు అద్దె అడ్వాన్సు ఇవ్వకముందే, లేదా ఫ్లాట్ తాళాలు చేతికొచ్చిన వారంలోనే వేసుకోవడం మంచిది.

ఒక కుటుంబాన్ని అనుకుందాం. దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఇంటి నుంచి బాచుపల్లిలో కొన్న మూడు పడకగదుల ఫ్లాట్‌కు మారుతున్నారు. పెద్దబ్బాయి వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాడు. అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది. నానమ్మ రోజూ పొద్దున డాలస్‌లో ఉన్న చిన్న మనవడితో వీడియోలో మాట్లాడుతుంది. రాత్రయితే హాల్లో టీవీ.

పాత ఇంట్లో బాగా పనిచేసిన కంపెనీనే కొనసాగిస్తే పోదా?

కొనసాగించవచ్చు. అయితే పాతచోట బాగుందన్న ఒక్క కారణంతో మాత్రం వద్దు. మొబైల్ కంపెనీకి ఊరంతా ఒకటే నెట్‌వర్క్. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ అలా ఉండదు, దాన్ని వీధి వీధికీ విడివిడిగా కడతారు. ఒకే కంపెనీ ఒక కాలనీలో సొంత మనుషులతో నడిపిస్తుంది, పక్క కాలనీలో స్థానిక కేబుల్ ఆపరేటర్‌కు అప్పగిస్తుంది. మీ లైన్ తెగినప్పుడు నిచ్చెన వేసుకుని వచ్చేది ఆ ఆపరేటర్ దగ్గర పనిచేసే కుర్రాడే. అతను రెండు గంటల్లో వస్తాడా, రెండు రోజులకు వస్తాడా అన్నదాని మీదే మీ అనుభవమంతా ఆధారపడుతుంది. కంపెనీ ప్రకటనలో ఈ సంగతి ఉండదు.

మరి ఎలా తెలుస్తుంది? కొత్త భవనానికి రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఒకసారి వెళ్లండి. అందరూ ఇళ్లలో ఉండి టీవీలు, ఫోన్లు వాడే వేళ అది. అదే బ్లాకులో ఉంటున్న ఇద్దరు ముగ్గురిని అడగండి: మీ ఇంట్లో ఏ నెట్? కిందటిసారి ఎప్పుడు పోయింది? పోయాక ఎంతసేపటికి వచ్చింది? స్పీడ్ ఎంతని అడిగితే ప్లాన్ మీద ఉన్న అంకె చెబుతారు. పోయి రావడం గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెబుతారు. వాచ్‌మన్‌ను కూడా అడగండి. ఏ కంపెనీ వాళ్లు ఎక్కువసార్లు మరమ్మతుకు వస్తున్నారో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అపార్ట్‌మెంట్ అయితే ఇంకొక ప్రశ్న ఉంది. బిల్డరో అసోసియేషనో ఒకే కంపెనీని లోపలికి రానిచ్చే ఒప్పందం చేసుకున్నారా? అలా చేసుకుంటే మీకు ఎంచుకునే వీలే ఉండదు, ధర విషయంలో బేరమూ ఉండదు. భవనాల్లో డిజిటల్ సదుపాయం ఎలా ఉందో చూసి రేటింగ్ ఇచ్చేందుకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో నిబంధనలు తెచ్చింది. ఇల్లు కొనేవారు నీళ్లు, లిఫ్టు, పార్కింగ్‌తో పాటు దీన్ని కూడా అడగవలసిన కాలం వచ్చింది. కనీసం రెండు కంపెనీల తీగలు ఉన్న భవనం అయితే నాకు నిశ్చింత.

అందరూ ఫైబర్ అనే అంటున్నారు. అన్నీ ఒకటేనా?

కావు. అన్నిటికంటే ముఖ్యమైన తేడా ఇక్కడే ఉంది. మీ ఇంటి గోడలోంచి లోపలికి వచ్చే చివరి తీగ ఏమిటో అడగండి. కొన్నిచోట్ల సన్నటి ఫైబర్ నేరుగా ఇంట్లోకే వచ్చి, ఒక చిన్న పెట్టెలో ముగుస్తుంది. దాన్ని ఓఎన్‌టీ అంటారు. మరికొన్నిచోట్ల ఫైబర్ భవనం దాకానే వస్తుంది. మేడ మీదో మెట్ల కిందో ఒక స్విచ్ పెట్టి, అక్కడి నుంచి ఒక్కొక్క ఇంటికి లాన్ కేబుల్ లాగుతారు. రెండింటినీ ఫైబర్ అనే అమ్ముతారు.

తేడా కరెంటు పోయినప్పుడు బయటపడుతుంది. నేరుగా వచ్చే ఫైబర్‌లో కంపెనీ కేంద్రం నుంచి మీ ఇంటి దాకా మధ్యలో ఎక్కడా కరెంటు అక్కర్లేదు. వెలుతురును పంచే స్ప్లిటర్ ఒక గాజు పరికరం మాత్రమే. కాబట్టి మీ ఓఎన్‌టీకి, రౌటర్‌కు ఇన్వర్టరో చిన్న రౌటర్ యూపీఎస్సో ఉంటే చాలు, నెట్ నడుస్తూనే ఉంటుంది. లాన్ కేబుల్ పద్ధతిలో మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా మేడ మీది స్విచ్‌కు కరెంటు లేకపోతే నెట్ పోతుంది. పిడుగులు పడే రోజుల్లో ఆ లాన్ కేబుల్‌లోని రాగి తీగ ద్వారా రౌటర్ మాడిపోయే భయం కూడా ఉంది. ఫైబర్ గాజు తీగ కాబట్టి దానికి ఆ భయం లేదు.

ఫైబర్‌లో సాధారణంగా వాడే జీపాన్ పద్ధతిలో ఒక లైన్ మీద సుమారు 2.5 గిగాబిట్లు వస్తాయి. దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. 64 ఇళ్లూ ఒకే క్షణంలో పూర్తిగా లాగితే ఇంటికి 40 ఎంబీపీఎస్‌కు కాస్త తక్కువే వస్తుంది. కానీ అలా అందరూ ఒకేసారి లాగడం దాదాపు జరగదు. రాత్రి తొమ్మిదికి నెట్ నెమ్మదిస్తోందంటే తప్పు చాలావరకు ఈ తీగది కాదు. ఆపరేటర్ పైనుంచి కొనుక్కున్న బ్యాండ్‌విడ్త్ చాలకపోవడమే కారణం. రాత్రివేళ వెళ్లి అడగమన్నది ఇందుకే.

తీగ ఎలా వచ్చిందో కూడా చూడండి. మన ఊళ్లలో చాలా కేబుళ్లు కరెంటు స్తంభాల మీదుగానే వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్‌ను కూడా విద్యుత్ స్తంభాల మీదుగానే ఊరూరికీ తీసుకెళ్లారు. అంత త్వరగా పల్లెలకు నెట్ చేరింది అందువల్లే. కానీ అందులో ప్రమాదమూ ఉంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో విద్యుదాఘాతానికి మనుషులు చనిపోయాక, స్తంభాల మీది కేబుళ్లను అధికారులు పెద్ద ఎత్తున తొలగించారు. చాలా కాలనీల్లో నెట్ ఆగిపోయింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. మనుషుల ప్రాణాల కంటే నెట్ ఎక్కువ కాదు, ఆ తీగలు సర్దవలసినవే. రెండు కంపెనీలు ఒకే ధరలో దొరికితే, భూమిలోంచి పైపులో తీగ తెచ్చిన కంపెనీని ఎంచుకోండి.

ఎంత స్పీడ్ తీసుకోవాలి?

ముందు ఒక చిక్కు విడదీద్దాం. ప్లాన్‌లో ఎంబీపీఎస్ అని చెప్పేది సెకనుకు మెగాబిట్లలో, మన ఫైళ్ల సైజు చూపించేది మెగాబైట్లలో. ఒక బైటుకు ఎనిమిది బిట్లు. అంటే 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు దిగితే కంపెనీ మాట నిలబెట్టుకున్నట్టే.

ఇప్పుడు బాచుపల్లి ఇంటి లెక్క. టీవీలో 4కె సినిమాకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్. మామూలు ఫుల్ హెచ్‌డీకి 5 చాలు. పెద్దబ్బాయి వీడియో మీటింగ్‌కు మూడు నాలుగు. అమ్మాయి క్లాసుకు అంతే, నానమ్మ కాల్‌కు అంతకంటే తక్కువే. అందరూ ఒకేసారి కూర్చున్నా 30 దాటదు. ఫోన్ల అప్‌డేట్లు, వెనకాల ఫొటోల బ్యాకప్ కలుపుకుని 100 ఎంబీపీఎస్ తీసుకుంటే ఈ కుటుంబానికి ధారాళంగా సరిపోతుంది. నెట్ బాగా రాకపోతే పెద్ద ప్లాన్‌కు మారమని కస్టమర్ కేర్ వాళ్లు చెబుతారు. 300కు మారినా చాలా ఇళ్లలో ఏమీ మారదు, ఎందుకంటే లోపం వేరేచోట ఉంటుంది.

దిగే స్పీడ్ కంటే ఎక్కే స్పీడ్ గురించి గట్టిగా అడగండి. అప్‌లోడ్ కూడా డౌన్‌లోడ్ అంతే ఇస్తారా, తక్కువా? మీటింగ్‌లో మన ముఖం అవతలివాళ్లకు బొమ్మలా నిలిచిపోవడానికి అప్‌లోడ్ చాలకపోవడం ఒక కారణం. పెద్ద ఫైళ్లు పంపే ఉద్యోగం, సీసీ కెమెరా క్లౌడ్‌లో దాచుకోవడం లాంటివి ఉంటే ఇది మరీ ముఖ్యం.

అపరిమితం అన్న ప్లాన్లకు కూడా ఒక హద్దు ఉంటుంది. పెద్ద కంపెనీల ప్లాన్లలో తరచూ కనిపించేది నెలకు 3300 జీబీ. భయపడక్కర్లేదు. హెచ్‌డీ వీడియో గంటకు 3 జీబీ దాకా తీసుకుంటుంది. ముప్పై రోజులూ పగలూ రాత్రీ టీవీ ఆపకపోయినా 2160 జీబీ దాటదు. చిన్న ఆపరేటర్ల ప్లాన్లలో మాత్రం ఈ హద్దు చాలా తక్కువ ఉండొచ్చు. హద్దు దాటాక స్పీడ్ ఎంతకు పడిపోతుందో కాగితం మీద చూపించమనండి. ధర కూడా అంతే, ప్రకటనలో 799 అని ఉంటే 18 శాతం జీఎస్‌టీ కలిసి బిల్లు 943 వస్తుంది.

100 అన్నారు, పడకగదిలో 10 కూడా రాదు. ఎందుకు?

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. నెలనెలా డబ్బు కట్టి, మంచి లైన్ తెచ్చుకుని, చివరి పది గజాల్లో పోగొట్టుకుంటాం. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు తీగ ఎక్కడ తేలిగ్గా వస్తే అక్కడ, చాలాసార్లు గుమ్మం పక్కనే, రౌటర్ బిగించి వెళ్లిపోతాడు. రౌటర్‌ను దీపం అనుకోండి. హాలు మూలన వెలిగించిన దీపం చివరి గదికి ఎంత వెలుగిస్తుంది? కొత్త అపార్ట్‌మెంట్లలో ఈ బాధ ఇంకా ఎక్కువ. మైవాన్ పద్ధతిలో కట్టిన ఫ్లాట్లలో గోడలన్నీ ఇనుప చువ్వలు పెట్టి పోసిన కాంక్రీటే. ఇటుక గోడను దాటినంత సులువుగా వైఫై ఆ గోడల్ని దాటలేదు. దిల్‌సుఖ్‌నగర్ ఇటుకల ఇంట్లో మూడు గదులకూ అందిన అదే రౌటర్ బాచుపల్లిలో ఒక గదితో ఆగిపోతుంది.

ఇళ్లలో వైఫై ఎక్కువగా నడిచే దారులు రెండు. 2.4 గిగాహెర్ట్జ్ గోడల్ని కాస్త బాగా దాటుతుంది, కానీ వేగం తక్కువ. పైగా అందులో ఒకదానికొకటి అడ్డుపడని చానెళ్లు మూడే. యాభై ఇళ్ల అపార్ట్‌మెంట్‌లో యాభై రౌటర్లు ఆ మూడింటి కోసమే పెనుగులాడతాయి. 5 గిగాహెర్ట్జ్‌కు వేగం ఎక్కువ, గోడలంటే మాత్రం గిట్టదు.

దీనికి మందు ఇంట్లో దిగకముందే వేయాలి. ఇంటీరియర్ పనులు జరుగుతున్నప్పుడే ఎలక్ట్రీషియన్‌తో చెప్పి, గుమ్మం దగ్గరి డక్ట్ నుంచి ఇంటి మధ్యకు, అక్కడి నుంచి పని చేసుకునే గదికి, టీవీ వెనక్కి క్యాట్ 6 కేబుల్ పైపుల్లో వేయించండి. కరెంటు తీగల పైపులో కలిపి వేయనివ్వకండి. ఖర్చు కొద్దిదే, గోడలకు రంగులు పడ్డాక ఈ అవకాశం మళ్లీ రాదు. టీవీకి, ఆఫీసు ల్యాప్‌టాప్‌కు కేబుల్ తగిలిస్తే వైఫై మీద భారం తగ్గి నానమ్మ ఫోన్‌కు దారి దొరుకుతుంది. అద్దె ఇల్లయి గోడలు ముట్టుకోలేకపోతే, ఒకదానితో ఒకటి కలిసి ఇల్లంతా వైఫై పంచే మెష్ రౌటర్లు రెండు తీసుకోండి. ఒక్క సంగతి చూసుకోండి: చవక రౌటర్ల వెనక ఉండే పోర్టులు 100 ఎంబీపీఎస్‌కే ఆగిపోతాయి. 200 ప్లాన్ తీసుకుని అలాంటి రౌటర్ పెడితే సగం డబ్బు వృథా.

నానమ్మ కాల్ గురించి ఒక మాట. డాలస్ మనకు 14 వేల కిలోమీటర్ల పైన. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సముద్రాల కింద చుట్టూ తిరిగి వెళ్లి రావడానికి సెకనులో ఐదో వంతు పైనే పడుతుంది. మాటకు మాట కాస్త ఆలస్యంగా రావడం అందువల్లే. ఏ ప్లాన్ కొన్నా అది తగ్గదు. బొమ్మ ముక్కలై, గొంతు తెగిపోతుంటే మాత్రం అది దూరం వల్ల కాదు, ఆమె గదిలో వైఫై అందక. ఆమె మంచం దగ్గర కూర్చుని ఒకసారి మీరే కాల్ చేసి చూడండి.

తీగ లేకుండా వచ్చే ఎయిర్‌ఫైబర్ సంగతేమిటి?

5జీ టవర్ నుంచి మేడ మీదో బాల్కనీలోనో పెట్టిన పెట్టెకు సిగ్నల్ వస్తుంది. జియో దీన్ని 2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో మొదలుపెట్టింది. ఫైబర్ రాని కొత్త లేఅవుట్లకు, ఏడాదికోసారి ఇల్లు మారే అద్దెవాళ్లకు ఇది మేలైన సాయం. టవర్ దగ్గర జనం పెరిగితే సాయంత్రం నెమ్మదిస్తుంది. ఫైబర్ వచ్చే అవకాశం ఉంటే మాత్రం నేను ఫైబర్‌నే కోరుకుంటాను.

ఎప్పుడు, ఎలా పెట్టించుకోవాలి?

దిగే రోజుకు పదిహేను రోజుల ముందే రెండు కంపెనీలకు ఫోన్ చేసి, మీ ఫ్లాట్ నంబరుతో సహా చెప్పి, అక్కడికి ఇవ్వగలరా అని అడగండి. పిన్‌కోడ్ చూసి వస్తుందని చెప్పే మాటను నమ్మకండి. మనిషిని పంపి చూడమనండి. ఆరు నెలల డబ్బు ఒకేసారి కడితే ఇన్‌స్టలేషన్ ఉచితం అంటారు. తెలియని భవనంలో మొదట్లో నెలవారీగానే కట్టండి, ఇన్‌స్టలేషన్ ఖర్చు అయినా సరే. నచ్చితే తర్వాత ఏడాదికి కట్టుకోవచ్చు.

కుర్రాడు తీగ లాగేటప్పుడు పక్కనే ఉండండి. ఫైబర్‌ను తలుపు సందులో నలగనివ్వకూడదు, మేకు చుట్టూ మడవకూడదు, మడిచినచోట వెలుతురు బయటికి పోతుంది. పని అయ్యాక పవర్ మీటర్‌తో సిగ్నల్ చూపించమనండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దగ్గర ఉంటే వానాకాలంలో ఇబ్బంది పెడుతుంది, ఆరోజే మళ్లీ జాయింట్ చేయించండి. ఓఎన్‌టీ మీద లాస్ అన్న చోట ఎర్ర లైటు వెలిగితే తీగలో సిగ్నల్ రానట్టు, రౌటర్ ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. వెంటనే ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ రాసుకోండి. నంబర్ ఉంటేనే, పని జరగకపోయినప్పుడు అదే కంపెనీలోని అప్పీలు అధికారి దగ్గరికి వెళ్లగలరు. దానికి రుసుము ఏమీ లేదు.

పాత ఇంటి కనెక్షన్‌ను మాత్రం కొత్తచోట నెట్ వచ్చి వారం గడిచేదాకా ఉంచండి. ఆ తర్వాత రద్దు కోరుతూ ఈమెయిల్ పంపండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. పాత రౌటర్, ఓఎన్‌టీ, వాటి అడాప్టర్లు సామాను పెట్టెల్లో కలిసిపోకుండా విడిగా తీసిపెట్టి, కంపెనీ మనిషికి అప్పగించి రశీదు తీసుకోండి. డిపాజిట్ తిరిగి రావాలంటే ఆ రశీదే ఆధారం.