సంతాన చికిత్సకు ముందు థైరాయిడ్ పరీక్ష

"పిల్లలు పుట్టకపోవడానికీ, గొంతులో గ్రంథికీ సంబంధమేమిటి డాక్టరమ్మా?" అని ఒక పెద్దావిడ నన్నడిగారు. ఆమె కోడలికి వివాహమై ఐదేళ్ళయింది. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పే ముందు నా పొరపాటొకటి పాఠకులకు విన్నవించుకోవాలి.

ఆ అమ్మాయి మొదట నా వద్దకు వచ్చినప్పుడు నాడి చూశాను, నాలుక చూశాను. ఒళ్ళు బరువెక్కడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, దువ్వెన పెడితే గుప్పెడు జుట్టు ఊడిరావడం, నెలసరి ఒకసారి నలభై రోజులకూ మరొకసారి యాభై రోజులకూ రావడం, ఇవన్నీ చెప్పింది. వాతకఫ దోషమని నిర్ణయించి శతావరి లేహ్యమూ, ఫలఘృతమూ ఎనిమిది నెలలు వాడించాను. రక్తపరీక్ష ఒక్కటీ వ్రాయలేదు. తరువాత వారు సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్ళగా, మొదటి రోజు చేసిన పరీక్షలోనే టి.ఎస్.హెచ్. 14 అని తేలింది. సాధారణంగా అది సుమారు 4కు లోపు ఉండాలి. ముప్పై రెండేళ్ళ స్త్రీకి ఎనిమిది నెలలు తక్కువ కాలమేమీ కాదు.

ఇక పెద్దావిడ ప్రశ్నకు వద్దాము. కంఠం ముందు భాగాన ఉండే థైరాయిడ్ గ్రంథి థైరాక్సిన్ అనే హార్మోనును స్రవిస్తుంది. అది చాలనప్పుడు మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి టి.ఎస్.హెచ్.ను అధికంగా విడుదల చేసి థైరాయిడ్‌ను అదిలిస్తుంది. కనుక గ్రంథి మందగించినకొద్దీ ఈ అంకె పెరుగుతుంది. చాలామంది దీనిని తలక్రిందులుగా అర్థం చేసుకుంటారు. ఈ అదిలింపులో ప్రొలాక్టిన్ అనే హార్మోను కూడా పెరగవచ్చు. పాలిచ్చే తల్లిలో ఎక్కువగా ఉండేది ఇదే. బాలింతకు నెలసరి ఆలస్యమైనట్లే, ఈ స్త్రీలోనూ అండం విడుదల తప్పిపోతుంది. థైరాయిడ్‌ను సరిదిద్దితే ఇటువంటివారిలో ప్రొలాక్టిన్ కూడా తరచు దానంతటదే దిగివస్తుంది.

గర్భం నిలిచిన తరువాత కూడా దీని పని తీరదు. మొదటి పది పన్నెండు వారాలు గర్భస్థ శిశువు తల్లి థైరాక్సిన్ మీదనే ఆధారపడుతుంది. లోపాన్ని ఉపేక్షిస్తే గర్భస్రావ ప్రమాదం పెరుగుతుంది. ఐ.వి.ఎఫ్. కోసం అండాశయాలను ప్రేరేపించే ఇంజెక్షన్ల వలన ఈస్ట్రోజెన్ ఎక్కువై, థైరాక్సిన్ అవసరమూ పెరుగుతుంది. అందుచేత ఆ ఇంజెక్షన్లకు ముందే పరీక్ష జరగడం మేలు. ఐ.వి.ఎఫ్.కు వెళ్ళే స్త్రీలలో టి.ఎస్.హెచ్. హద్దు దాటితే చికిత్స చేసి 2.5కు లోపుగా ఉంచాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2017లో సూచించింది.

అయితే అంకె చూసి బెంబేలు పడవద్దు. యాంటీబాడీలు ఉండి, టి.ఎస్.హెచ్. మాత్రం సరిగానే ఉన్న స్త్రీలకు థైరాక్సిన్ ఇచ్చినా బిడ్డ పుట్టే అవకాశం పెరగలేదని 2019లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం తేల్చింది. వారు అప్పుడప్పుడు పరీక్ష చేయించుకుంటూ ఉండాలి, అంతే.

పరీక్షకు పరగడుపు అవసరం లేదు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నవారు కనీసం రెండు రోజుల ముందు మానివేయాలి. లేకుంటే ఫలితం తారుమారు కావచ్చు. థైరాక్సిన్ మాత్రను పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, అరగంట నుండి గంట వరకు కాఫీ ముట్టకూడదు. మన ఇళ్ళలో ఇదే అన్నింటికంటే కష్టమైన పథ్యం! ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఇవ్వండి.

సుశ్రుతుడు గలగండాన్ని వర్ణించాడు. గండమాలకు కాంచనార గుగ్గులు ప్రసిద్ధ ఔషధం. ఆయుర్వేదం చదివినదానిగానే చెబుతున్నాను, ఇవేవీ రక్తంలో లోపించిన థైరాక్సిన్‌కు బదులు కావు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్ల స్థాయిని మార్చగలదు. గర్భం కోరుకునేవారు దానిని సొంతంగా వాడరాదు. వంటకు అయోడిన్ ఉప్పునే వాడండి, దానిని మూత గట్టిగా బిగించి ఉంచండి. ఉడికించిన క్యాబేజీ మితంగా తింటే భయం లేదు. అన్నట్టు, భర్తకు వీర్యపరీక్ష చేయించకుండా కోడలినొక్కదానినే ఆసుపత్రుల చుట్టూ త్రిప్పడం న్యాయం కాదని ఆ పెద్దావిడకు కూడా చెప్పాను.

ఆ అమ్మాయి మాత్ర మొదలుపెట్టిన కొన్ని నెలలకు నెలసరి క్రమానికి వచ్చింది. ఒక ఉదయం స్వీటు పెట్టెతో అత్తాకోడళ్ళిద్దరూ వచ్చారు. నెల తప్పి పది రోజులట. పెట్టె తెరవనీయకుండా ముందు రక్తం ఇచ్చి రమ్మని పంపాను. ఎందుకంటే మాత్ర వాడుతున్నవారికి గర్భం నిలవగానే మోతాదు పెంచవలసి వస్తుంది. సాయంత్రానికి టి.ఎస్.హెచ్. 4.6 అని తెలిసింది. ఆమె వైద్యురాలు ఆ రాత్రే ఫోనులో వారానికి రెండు మాత్రలు అదనంగా వేసుకోమని, నాలుగు వారాలకు మళ్ళీ పరీక్ష చేయించమని చెప్పారు.