అరికాలు కూడా చూపించండి

చర్మ క్యాన్సర్ తెల్లవాళ్ళకే వస్తుందని మనవాళ్ళలో గట్టి నమ్మకం. అందులో నిజం లేకపోలేదు. మన ఒంటి రంగు ఎండ నుంచి చాలావరకు కాపాడుతుంది, మెలనోమా మనలో అరుదు. కానీ వచ్చినప్పుడు ఎండ సోకని అరికాల్లోనో, అరచేతిలోనో, గోటి కిందో పుట్టడం ఎక్కువ. దాన్ని ఏక్రల్ మెలనోమా అంటారు. గాయకుడు బాబ్ మార్లే 1981లో, 36 ఏళ్ళకే చనిపోయింది కాలి బొటనవేలి గోటి కింద మొదలైన ఈ జబ్బుతోనే.

చర్మవ్యాధుల క్లినిక్‌లో రోగులు పంపే ఫోటోలను డాక్టర్ల ముందు పెట్టడం నా ఉద్యోగం. అయినా ఈ వ్యాసం రాయిస్తున్నది మా పెద్దమ్మ మడమ. వీడియో కాల్‌లో దాని మీది నల్లమచ్చని చూసినవారు ఆనెకాయ అన్నారు. పండగ మర్నాడు, కాళ్ళకి పసుపూ పారాణీ అలాగే ఉన్నాయి. మచ్చ అంచులు ఎవరికీ కనిపించలేదు. ఆనెకాయ పట్టీలతోనే ఏడాది గడిచింది. బయాప్సీ చేసేనాటికి గజ్జల్లో బిళ్ళ కట్టింది.

కాబట్టి ఫోటో తీసేముందు పాదాలు సబ్బుతో కడిగి, తుడిచి, మెట్టెలు తీసి, నెయిల్ పాలిష్ చెరిపేయండి. పగటిపూట కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, ఫిల్టర్లన్నీ ఆపి తీయండి. పాదమంతా కనిపించేలా ఒకటి, మచ్చకి దగ్గరగా ఒకటి, పక్కన స్కేలు పెట్టి మరొకటి. వాట్సాప్‌లో పంపితే ఫోటో నలిగిపోయి సన్నని గీతలు చెరిగిపోతాయి. అసలు ఫైలునే క్లినిక్ పోర్టల్‌లో, వీడియో అపాయింట్‌మెంటుకి ముందే ఎక్కించండి. కదిలే వీడియోకన్నా నిలకడైన ఫోటోలోనే వివరం బాగా కనిపిస్తుంది.

గోరింటాకు సంగతి విడిగా చెప్పాలి. చర్మం మీద కొద్ది వారాల్లో పోయినా గోటి మీద నెలల తరబడి ఉంటుంది. గోరు పెరిగేకొద్దీ మొదలు దగ్గర తెల్లగా కొత్త గోరు వస్తుంది, ఎరుపు కొసకి జరుగుతుంది. దెబ్బ తగిలి గడ్డకట్టిన నెత్తురూ అంతే. మొదలు నుంచి కొస దాకా నిలువుగా సాగే నల్లని చార వేరు. చాలా గోళ్ళకి సన్నని చారలుంటే మన రంగువాళ్ళలో మామూలే. ఒక్క గోటికే, ముఖ్యంగా బొటనవేలికి, కొత్తగా వచ్చి వెడల్పవుతుంటే, లేదా ఆ నలుపు గోటి చుట్టూ చర్మంలోకి పాకితే ఆలస్యం వద్దు.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళలో డాక్టర్లకి కొదవలేదు. చాలా ఊళ్ళ తెలుగు సంఘాలకి ఉచిత వైద్య శిబిరం నడిపే దక్షత ఉంది, అది మనకి గర్వకారణం. విజయవాడలో ఉన్న డాక్టరు బావగారికి ఫోటో పంపి ధైర్యం తెచ్చుకోవడమూ మామూలే. అయితే ఆయన ఇక్కడ బయాప్సీ రాయలేరు. అమెరికాలో సాధారణంగా మీరున్న రాష్ట్రంలో లైసెన్సున్నవారే వైద్యం చేయాలి.

పిల్లలకి మన పండగలు నేర్పుతున్నాం కదా, తలంటు కూడా నేర్పండి. ఉగాదికి, దీపావళికి అమ్మానాన్నలకి నువ్వులనూనె రాసేటప్పుడు వేళ్ళ సందులు, అరికాళ్ళు చూడండి. వంగి తమ మడమ తాము చూసుకోలేని వయసు వాళ్ళది.

డాక్టరు ఫోటో చూసి ఎంత త్వరగా రావాలో చెప్పగలరు, క్యాన్సరో కాదో తేల్చేది బయాప్సీయే. “నేరుగా ఎప్పటిలోగా చూపించుకోవాలి?” అని అడిగి, తేదీ రాసుకున్నాకే వీడియో కాల్ పెట్టేయండి. ఆనెకాయ అన్నది కొన్ని వారాల మందుకి తగ్గకపోయినా, నెత్తురు కారినా మళ్ళీ ఫోటో పంపకండి. క్లినిక్‌కి వెళ్ళి మచ్చని పెద్దదిగా చూపే డెర్మోస్కోప్ పెట్టి చూడమనండి.