తెలుపుకు సమయం, నలుపుకు ఫిల్టరు

ఏళ్ల తర్వాత డార్క్‌రూమ్‌లోకి మళ్లీ అడుగుపెట్టేవాళ్లకు చేతిపని అంత తొందరగా మరపు రాదు. నెగెటివ్ దుమ్ము దులిపి ఎన్‌లార్జర్‌లో పెట్టడం, పేపరును డెవలపర్‌లోకి జార్చి ట్రే అంచును మెల్లగా ఊపడం రెండు ప్రింట్లకే తిరిగి పట్టుబడతాయి. ఇబ్బంది పెట్టేది ఒక పాత అలవాటు. ఎర్రదీపం కింద బొమ్మ తేలుతుంటే చూసి, ‘ఇక చాలు’ అనిపించగానే పేపరును డెవలపర్‌లోంచి లాగేయడం.

పెళ్లి ఫోటోలు గుట్టలుగా కడగాల్సిన స్టూడియోల్లో అలా చేస్తే పని నడిచేది. ఎక్స్‌పోజర్ కాస్త ఎక్కువైనా, త్వరగా తీసేసి సరిపెట్టేవారు. కానీ అలా తీసిన ప్రింటులో అసలైన నలుపు ఉండదు. పేపరు మీది జెలటిన్ పొరలో వెండి లవణాల రేణువులుంటాయి. వెలుగు తగిలినవాటిని డెవలపర్ నల్లటి వెండిగా మారుస్తుంది. ఆ నలుపు చిక్కబడడానికి ప్లాస్టిక్ పూత ఉన్న ఆర్‌సీ పేపరుకైతే సుమారు ఒక నిమిషం, ఫైబర్ పేపరుకైతే రెండు మూడు నిమిషాలు కావాలి. మధ్యలో లాగేస్తే నలుపు బూడిద రంగు దగ్గరే ఆగిపోతుంది, అక్కడక్కడా మరకలు కూడా తేలతాయి. పైగా ఎర్రదీపం కింద ఏ ప్రింటయినా ఉన్నదానికంటే ముదురుగానే కనిపిస్తుంది. కాబట్టి డెవలపర్‌లో ఉంచే సమయాన్ని గడియారానికి అప్పగించి, దాన్ని మార్చకూడదు. మార్పులన్నీ ఎన్‌లార్జర్ దగ్గరే చేయాలి.

ఎన్‌లార్జర్ దగ్గర తేల్చుకోవలసినవి రెండు. ఎంతసేపు వెలుగు ఇవ్వాలి? ఏ ఫిల్టరు వాడాలి? ఈ రెండింటినీ ఒకేసారి మారుస్తూ పోతే పేపరు ఖర్చవుతుంది గానీ దారి దొరకదు.

ముందు సమయం. ఒక పేపరు ముక్క మొత్తానికి 4 సెకన్లు వెలుగిచ్చి, ఒక అంచును అట్టతో మూసి మరో 4, ఇంకొంత మూసి 8, ఆ తర్వాత 16 ఇస్తే 4, 8, 16, 32 సెకన్ల పట్టీలు వస్తాయి. ప్రతిసారీ రెట్టింపు చేయడానికి కారణముంది. 2 సెకన్లకూ 4కూ మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది, 30కీ 32కీ మధ్య తేడా కనబడనే కనబడదు. ఈ టెస్ట్ స్ట్రిప్‌ను హైపోలో, అంటే బొమ్మను నిలిపే ద్రావణంలో, ముంచాక తెల్లటి వెలుగులో చూడాలి. చూడాల్సింది ముఖం కాదు, నలుపూ కాదు. తాతగారి ఫోటో అనుకుందాం. ఆయన తెల్ల పంచె మడతలు ఏ పట్టీలో మొదటిసారి లేతగా కనిపిస్తున్నాయో అదే మీ సమయం.

ఆ సమయంతో పూర్తి ప్రింటు వేసి, ఇప్పుడు నలుపు చూడండి. జుట్టు, గుమ్మం లోపలి చీకటి బూడిదగా ఉంటే గట్టి ఫిల్టరు కావాలి. వివరమంతా నల్లగా పూడిపోతే మెత్తటిది. ఒకప్పుడు దీనికోసం గ్రేడు, అంటే గట్టిదనం, మారినప్పుడల్లా పేపరు పెట్టె మార్చాల్సి వచ్చేది. ఇల్‌ఫర్డ్ కంపెనీ 1940లో తెచ్చిన మల్టీగ్రేడ్ పేపరు ఆ అవసరాన్ని తప్పించింది. ఈ పేపరులోని రేణువులన్నీ నీలి వెలుగుకు స్పందిస్తాయి, ఆకుపచ్చకు మాత్రం కొన్ని ఎక్కువగా, కొన్ని తక్కువగా స్పందిస్తాయి. పసుపు ఫిల్టరు నీలాన్ని ఆపితే ప్రింటు మెత్తబడుతుంది. మెజెంటా ఫిల్టరు ఆకుపచ్చను ఆపితే తెలుపు నలుపుల తేడా గట్టిపడుతుంది. ఇల్‌ఫర్డ్ ఫిల్టర్లు 00 నుంచి 5 వరకు ఉన్నాయి. 3½ దాకా ఎక్స్‌పోజర్ దాదాపు అంతే, 4 నుంచి రెట్టింపు ఇవ్వాలి. ఫిల్టరు మార్చాక పంచె తెలుపును మరోసారి సరిచూసుకోవడం తప్పనిసరి. ఇది కుదిరాకే ముఖానికి చేతినీడ పట్టి లేతపరచడం, ఆకాశానికి అదనంగా వెలుగిచ్చి ముదర్చడం. ముందే మొదలుపెడితే ఆ శ్రమంతా వృథా.

ఆకుపచ్చకూ స్పందించే పేపరు గనుక పాత దీపాన్ని గుడ్డిగా నమ్మకూడదు. పేపరు ముక్కకు లేత బూడిద రంగు వచ్చేంత వెలుగిచ్చి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి, ఆ దీపం కింద ఐదు నిమిషాలు వదిలి డెవలప్ చేయండి. బిళ్ల అచ్చు కనబడితే దీపాన్ని దూరం జరపాలి, లేదా మార్చాలి. అటక మీద మిగిలిన పాత పేపరుకూ పరీక్ష ఉంది. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ పెట్టె ఇంకా కొన్ని ఇళ్లలో ఉండవచ్చు. ఒక ముక్కను వెలుగు తగలనీయకుండా డెవలప్ చేసి, హైపోలో వేయండి. తెల్లగా రాకపోతే ఆ పేపరు పని అయిపోయినట్టే.

మన ఎండల గురించి ఒక మాట. డెవలపర్ సమయాలు 20 డిగ్రీలకు లెక్కగట్టినవి. మే నెలలో విజయవాడ కుళాయి నీళ్లు ఆ అంకెకు చాలా పైన ఉంటాయి. వేడికి జెలటిన్ మెత్తబడి గీతలు పడతాయి. ట్రేను మరో పెద్ద ట్రేలో ఐసు ముక్కల మధ్య పెట్టి, రాత్రివేళ పనిచేయడం మేలు.

హైపో దగ్గర తొందర వద్దు. వెలుగు తగలని వెండి లవణాన్ని కరిగించేది అదే. జాన్ హెర్షెల్ 1819లో ఈ గుణాన్ని గుర్తించాడు, ఇరవై ఏళ్ల తర్వాత ఫోటోగ్రఫీకి అది ప్రాణాధారమైంది. పేపరులో హైపో మిగిలిపోతే బొమ్మ కొన్నేళ్లకు పసుపెక్కుతుంది. ఆర్‌సీ పేపరుకు రెండు మూడు నిమిషాల పారే నీళ్లు చాలు, ఫైబర్‌కు గంట దాకా పడుతుంది. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది గనుక దాన్ని కాలువలోనో బావి పక్కనో పారబోయకూడదు. వెండి తీసేవాళ్లకు ఇవ్వడం పాత స్టూడియోల పద్ధతి, ఇప్పుడూ అదే సరైనది.

ఫైబర్ ప్రింటు ఆరాక కాస్త ముదురుతుంది. తడిగా ఉన్నప్పుడు మెరిసిన పంచె, తెల్లారేసరికి మసకగా కనబడుతుంది. అందుకే టెస్ట్ స్ట్రిప్‌ను హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి చూసి, అవసరమైతే సమయాన్ని ఐదు నుంచి పది శాతం తగ్గించి, ఆ అంకెనూ ఫిల్టరు నంబరునూ నెగెటివ్ కవరు మీద పెన్సిలుతో రాసిపెట్టుకోండి.