చంద్రుడూ - కందిగింజా

మాఘ పౌర్ణమినాడు మా కళ్లంలో కంది కొడుతున్నాం. తూర్పున తాడిచెట్ల వెనకనుంచి చంద్రుడు చాటంత అయి లేచాడు. "ఒరేయ్, సైన్సు చదువుతున్నావుగా! పైకి పోతే చిన్నగా కనిపించేవాడు ఇక్కడ ఇంత పెద్దగా ఎందుకున్నాడు?" అని నాన్న అడిగాడు. "గాలి భూతద్దంలా పనిచేస్తుంది నాన్నా" అని తడుముకోకుండా చెప్పేశాను. కొడుకు చదువుకున్నవాడు గదా అని నమ్మి, పక్క చేనువాళ్లకి కూడా చెప్పాడు.

హాస్టలుకి వచ్చి పుస్తకం తిరగేస్తే నేను చెప్పింది శుద్ధ తప్పు!

చంద్రబింబం మన కంటివద్ద చేసే కోణం సుమారు అర డిగ్రీ. ఉదయించేటప్పుడూ అంతే, నడినెత్తినా అంతే. నిజానికి ఉదయించేటప్పుడే ఒక పిసరు తక్కువ. చంద్రుడి సగటు దూరం 3,84,000 కిలోమీటర్లు. అతను నడినెత్తికి వచ్చేసరికి, భూమి తిరగడంవల్ల, మనం దాదాపు భూవ్యాసార్ధమంత, అంటే సుమారు 6,400 కిలోమీటర్లు దగ్గరవుతాం. ఇక గాలిలో జరిగే వక్రీభవనం బింబాన్ని పైనించి కిందికి కాస్త నొక్కుతుందే గాని పెద్దది చెయ్యదు. (ఎర్రదనం మాత్రం గాలి పనే.)

మరి పెద్దగా కనిపించేది ఎక్కడ? మన బుర్రలో! ఈ సంగతి 11వ శతాబ్దంలోనే అరబ్బు శాస్త్రజ్ఞుడు ఇబ్న్ అల్-హైథమ్ గ్రహించాడు. చేలు, చెట్లు, కొండలు వరసగా కనిపిస్తాయి గనక ఆకాశపు అంచు చాలా దూరమనిపిస్తుంది. నెత్తిమీద అలాంటి ఆనవాళ్లేవీ లేవు. దూరాన ఉండి కూడా కంట్లో అంతే పడుతోందంటే, అది పెద్దదే అయి ఉండాలని మెదడు లెక్క కట్టేస్తుంది. 1962లో కాఫ్‌మన్, రాక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు నేల కనపడకుండా అడ్డుపెట్టి చూపిస్తే ఆ పెద్దతనం పోయింది.

ఫాల్గుణ పౌర్ణమికి ఇంటికెళ్లి తప్పు ఒప్పుకున్నాను. నాన్న ఏమీ అనలేదు. "చూపించు" అన్నాడంతే. చీపురుపుల్ల కొసన కందిగింజని తుమ్మజిగురుతో అంటించి, చెయ్యి బారచాచి, ఒక కన్ను మూసి చూడమన్నాను. ఉదయించిన చంద్రుణ్ణి గింజ కప్పేసింది. అర్ధరాత్రి లేపి మళ్లీ చూపించాను. అదే గింజ, అంతే కప్పింది. తెల్లవారుజామున పడమట దిగుతూ చంద్రుడు మళ్లీ పెద్దవాడయ్యాడు. ఈసారి పిడికిలి గొట్టంలా చుట్టి అందులోంచి చూడమన్నాను.

"తగ్గాడురోయ్!" అన్నాడు. కాసేపాగి, "దూరమనుకుంటాం గనక పెద్దగా కనిపిస్తాడంటావు. నాకేమో దగ్గరికొచ్చినట్టు ఉంటాడే?" అన్నాడు.

సరిగ్గా ఈ ఆక్షేపణే శాస్త్రజ్ఞులు కూడా చేశారు. ఆ వాదన ఇంకా తెగలేదు. అదే నాన్నతో చెప్పాను. ఆయన తలూపి, కందిగింజ ఊడిపోకుండా పుల్ల పట్టుకుని, పక్క చేనువాళ్ల ఇంటికేసి నడిచాడు.